గుహల కాలనిర్ణయము – హేతుపరీక్ష

ఏ శాస్త్రమునందైనను ప్రమేయసిద్ధి ప్రమాణమువలననే కలుగును. న్యాయశాస్త్రము చదువ మొదలిడిన విద్యార్థికి సైతము ఇది తెలిసిన విషయమే. ఐనను క్రొత్త విజ్ఞానశాస్త్రములనుండి ఒక సంఖ్య వెలువడినపుడు, దానికి ప్రమాణమేమని అడుగు అలవాటు ప్రాచ్యకళాశాలల పరిశోధనలలో తగినంతగా కనిపించుట లేదు. ఆధునిక మానవుడు ఆఫ్రికానుండి ఎప్పుడు బయలుదేరి ఆసియా ఖండమున వ్యాపించినాడను ప్రశ్న ఇందుకు తగిన ఉదాహరణము. గుహలలో దొరకిన పళ్ళు, ఎముకలు, రాతి పనిముట్లు ఆధారముగా 50,000 అనియు, 80,000 అనియు, 1,20,000 సంవత్సరములనియు సంఖ్యలు వెలువడుచున్నవి. అవి దినపత్రికలకెక్కి, అక్కడనుండి సిద్ధాంతవ్యాసముల పీఠికలలోనికి చేరుచున్నవి. కొలిచినది దేనిని, చెప్పుచున్నది దేని కాలమును అను విచారణ మాత్రము నడుమ జారిపోవుచున్నది.

ఏ వస్తువుయొక్క వయస్సు కొలువబడినదో ఆ వస్తువునకే ఆ వయస్సు నేరుగా చెల్లును. దానిని మరియొక వస్తువునకు అన్వయింపవలెనన్నచో ఆ రెండింటికిని గల సంబంధమును వేరుగా సాధింపవలెను. గుహల కాలనిర్ణయములో తలెత్తిన పెద్ద వివాదములలో అనేకము ఈ సంబంధమును గురించినవే. ఆ సంబంధము అనుమానగమ్యము. అనుమానమైనచో హేతుపరీక్షకు లోబడవలసినదే. ఆ పరీక్షలో శిక్షణ పొందినవారు ప్రాచ్యకళాశాలలలో ఉన్నారు గనుక ఈ విచారణ వారికి పరాయిది కాదు.

తాళపత్ర గ్రంథములతో పరిచయము గలవారికి ఈ భేదము సులభముగా బోధపడును. మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో 1905లో శామశాస్త్రిగారి దృష్టికి వచ్చి, 1909లో ముద్రితమైన కౌటిలీయ అర్థశాస్త్రము గ్రంథలిపిలో నున్న తాళపత్ర ప్రతి. ఆ ఆకుల వయస్సే గ్రంథరచనా కాలమని ఏ పండితుడును వాదింపలేదు. ప్రతి వ్రాసిన కాలము వేరు, గ్రంథము పుట్టిన కాలము వేరు. అట్లే ప్రాచీన గ్రంథమునందు నడుమ చేరిన శ్లోకమునకు ఆ గ్రంథముయొక్క ప్రాచీనత సంక్రమింపదు, దానిని ప్రక్షిప్తమందురు. గుహలోని మట్టిపొరలకును ఇదే న్యాయము వర్తించును. ప్రాచీనమైన పొరలో నవీన వస్తువు చేరవచ్చును. నవీనమైన పొరలోనికి ప్రాచీన వస్తువు కొట్టుకొనివచ్చి నిలువవచ్చును.

ఈ విచారణకు గుహలే ప్రధానమగుటకు కారణము కలదు. సున్నపురాతి గుహలలోని క్షారగుణమువలన ఎముకలు, పళ్ళు చిరకాలము నిలుచును. బహిరంగ స్థలములలో అవి సాధారణముగా నశించును. కాని ఆ గుహలను తొలిచినదియు నీరే, వాటిలోనికి మట్టిని తెచ్చినదియు నీరే, ఒకప్పుడు చేరిన మట్టిని కోసివేసి దాని స్థానమున వేరొక మట్టిని నింపునదియు నీరే. ఎముకను కాపాడిన గుహయే దాని స్థానమును తారుమారు చేయగలదు.

కాలమును కొలుచు విధానములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది రేడియోకార్బన్ విధానము. ప్రాణి జీవించియున్నంతకాలము గ్రహించిన ఒక విధమైన కర్బనము, మరణానంతరము 5,730 సంవత్సరములకు సగము చొప్పున క్షీణించును. మిగిలిన భాగమును బట్టి మరణకాలము తెలియును. సుమారు 50,000 సంవత్సరములు దాటినచో ఈ కొలత పనిచేయదు. రెండవది యురేనియం–థోరియం విధానము. గుహలో కారు నీటిలో యురేనియం కరగియుండును, థోరియం కరగదు. ఆ నీటినుండి గట్టిపడిన రాతిపొరలో తరువాత కనిపించు థోరియం యురేనియంనుండి పుట్టినదే గనుక, ఆ రెండింటి నిష్పత్తి రాయి ఏర్పడిన కాలమును తెలుపును. ఇది కొన్ని లక్షల సంవత్సరముల వరకు ఉపకరించును. మూడవది కాంతి విధానము. ఇసుకరేణువు భూమిలో కప్పబడిన నాటినుండి చుట్టునున్న మట్టిలోని వికిరణశక్తిని కూడబెట్టుకొనును. ఎండ తగిలినచో అది హరించిపోవును. కూడిన శక్తిని కొలిచినచో ఆ రేణువు చివరిసారి ఎండను చూచిన కాలము తెలియును.

ఈ మూడును చెప్పునవి వేర్వేరు సంఘటనలు: మొదటిది ప్రాణిమరణము, రెండవది రాతి పుట్టుక, మూడవది రేణువు చీకటిలోనికి పోవుట. గుహలోనికి మానవుడు వచ్చిన కాలమును వీటిలో ఏదియు తనంత తానుగా చెప్పదు.

దక్షిణ చైనాలోని హునాన్ రాష్ట్రమందలి ఫుయాన్ గుహ కథ ఇచ్చట ప్రత్యేకముగా పరిశీలింపదగినది. అక్కడ లభించిన 47 మానవదంతములు ఆధునిక మానవునివేయని 2015లో పరిశోధకులు ప్రకటించినారు. ఆ దంతములున్న మట్టిని కప్పిన రాతిపొర యురేనియం విధానమున కనీసము 80,000 సంవత్సరముల నాటిదిగా తేలినది. మట్టిలోని జంతువుల అవశేషములనుగూడ చూచి, దంతముల కాలము 1,20,000 – 80,000 సంవత్సరముల నడుమదని నిర్ణయించినారు. ఇది నిలిచినచో ఆధునిక మానవుడు ఐరోపాలో స్థిరపడుటకు ఎంతో ముందే తూర్పు ఆసియా చేరియున్నట్లగును. అందుచే ఆ ప్రకటన జగద్విఖ్యాతమైనది.

ఈ వాదమును న్యాయపద్ధతిలో పెట్టి చూచినచో దాని రూపము స్పష్టపడును. దంతములు పక్షము. 80,000 సంవత్సరములకు పూర్వపువగుట సాధ్యము. ఆ వయస్సుగల రాతిపొరకు క్రింద నుండుట హేతువు. పొరకు క్రింద నున్నదంతయు పొరకంటె పూర్వపుదే అనుట వ్యాప్తి. ఇందు రాతిపొర వయస్సును గురించి ఆక్షేపమేమియు అక్కరలేదు. ఆ కొలత నిర్దుష్టమే కావచ్చును. చూడవలసినది వ్యాప్తి. గట్టిపడిన రాతిపొర పైకప్పువలె నిలిచియుండగా, దానిక్రింది మట్టి నీటిచే కొట్టుకొనిపోయి ఖాళీ ఏర్పడుట, తరువాత క్రొత్తమట్టి వచ్చి ఆ ఖాళీని నింపుట గుహలలో సంభవించునదే. అపుడు క్రింద నున్నది పైనున్నదానికంటె నవీనము. సాధ్యము లేనిచోట గూడ హేతువు ఉన్నది గనుక అది సవ్యభిచారము.

హేతువునకు విశేషణము చేర్చి దోషమును తొలగింపవచ్చునని చెప్పవచ్చును. ‘పొరలు చెదరకయుండగా క్రింద నుండుట’ హేతువన్నచో వ్యభిచారము పోవును. కాని అపుడు పొరలు చెదరలేదను విశేషణము ఆ గుహయందు సిద్ధింపవలెను. అది సిద్ధింపనిచో విశేషణాసిద్ధి. కనుక గుహలో పొరల స్వరూపమును అంగుళమంగుళము పరిశీలించుట ప్రయోగశాలలోని కొలతకంటె తక్కువ పని కాదు. కొలతకు అర్థమును కల్పించునది అదియే.

2021లో మరియొక పరిశోధక బృందము ఫుయాన్‌తో సహా దక్షిణ చైనాలోని ఐదు గుహలను పునఃపరీక్షించినది. కప్పిన రాతిపొరల వయస్సు 1,68,000 – 70,000 సంవత్సరముల నడుమ తేలినది. ఐతే ఫుయాన్, యాంగ్‌జియాపో గుహలనుండి తీసిన మానవదంతములనే నేరుగా రేడియోకార్బన్ విధానమునను, వాటిలోని డి.ఎన్.ఏ.ను బట్టియు పరీక్షింపగా, అవి హోలోసీన్ కాలపువి, అనగా గడచిన సుమారు 11,700 సంవత్సరములలోనివని తేలినది. ఆ గుహలలో అధికభాగమున మట్టి, బొగ్గు, జంతుదంతముల కాలముగూడ రాతిపొరల కాలముతో పొసగలేదు. భేదము పదిరెట్లును, అంతకు మించియు ఉన్నది. ఆధునిక మానవుడు దక్షిణ చైనాకు వచ్చినది బహుశః 50,000 – 45,000 సంవత్సరముల క్రిందటనే అని వారి అభిప్రాయము. పంటిని గురించిన అనుమానమును ఆ పంటియందే చేసిన కొలత నిషేధించినచో, ఆ హేతువు బాధితమగును.

మొదటి పరిశోధకులు దీనిని అంగీకరింపలేదు. క్రొత్తగా పరీక్షించిన దంతములు తాము తవ్వి తీసిన స్థానమునకు చెందినవని నమ్ముటకు వీలులేదనియు, వాటి గుర్తింపుగూడ సరికాదనియు అదే సంవత్సరము ప్రత్యుత్తరము ప్రకటించినారు. ఆ ఆక్షేపమునుగూడ మన్నింపవలసినదే. ఏలయన, వారి ఆక్షేపము సైతము సంబంధమును గూర్చినదే: పరీక్షించిన పళ్ళు ఏ పొరవి? ఉభయపక్షములవారును కొలతలను గురించి కంటె స్థానమును గురించియే ఎక్కువ వాదించుచున్నారు.

ఇట్టి విమర్శ ప్రాచీన కాలములను తగ్గించుటకే ఉపకరించునని భావింపరాదు. మొరాకో దేశమందలి జెబెల్ ఇర్హూద్ ఇందుకు ప్రత్యుదాహరణము. 1960 దశాబ్దమున గనిపనివారి వలన బయల్పడిన ఆ గుహలోని మానవాస్థులు సుమారు 40,000 సంవత్సరముల నాటివని తొలుత తలచినారు. 2017లో ప్రకటితమైన పునఃపరిశోధనలో, అస్థులున్న పొరలోనే దొరకిన, నిప్పులో కాలిన చెకుముకిరాళ్ళను పరీక్షించినారు. రాయి కాలినపుడు దానిలో కూడిన వికిరణశక్తి హరించును. తరువాత కూడినదానిని కొలిచినచో కాలిన కాలము తెలియును. లెక్క 3,15,000 సంవత్సరములకు, 34,000 అటునిటుగా, వచ్చినది. ఆఫ్రికాలో ఆధునిక మానవజాతి ఆరంభచరిత్ర ఒక్కసారిగా వెనుకకు జరిగినది. ఇచ్చట కొలిచిన వస్తువు మానవులు చెక్కిన పనిముట్టు; కొలిచిన సంఘటన వారి నిప్పులో కాలుట. కొలతకును సాధ్యమునకును నడుమ దూరము తక్కువ గనుక అనుమానమునకు బలము ఎక్కువ.

లావోస్ దేశములోని తామ్ పా లింగ్ గుహగూడ ఈ సందర్భమున స్మరింపదగినది. అక్కడ 2009నుండి లభించుచున్న మానవాస్థులకు మట్టిలోని రేణువులను, జంతుదంతములను, పొరల క్రమమును కలిపి చూచి, అట్టడుగు ఎముకలు 86,000 – 68,000 సంవత్సరముల నడుమవని 2023లో ప్రకటించినారు. పొరలు లోతుకు పోయినకొలది వయస్సు క్రమముగా పెరుగుట, వేర్వేరు విధానములు ఒకే క్రమమును చెప్పుట ఆ వాదమునకు బలము. కనుక తొలినాటి వలసలు జరిగియే యుండవని ఫుయాన్ ఒక్కదానినిబట్టి తీర్మానించుటయు తొందరపాటే. ఒక గుహ దోషము ఇంకొక గుహకు అంటదు. ప్రతి పక్షమునందును హేతువును వేరుగా పరీక్షింపవలెను.

ఈ విచారణ తెలుగుదేశమునకు దూరమైనది కాదు. ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలోని జ్వాలాపురము ప్రపంచ పురావస్తు శాస్త్రజ్ఞుల నోట నానిన పేరు. అక్కడి ముఖ్యస్థలము గుహ కాదు, బహిరంగ క్షేత్రము. సుమాత్రా ద్వీపమందలి తోబా అగ్నిపర్వతము సుమారు 74,000 సంవత్సరముల క్రిందట పేలినపుడు ఎగసిన బూడిద అక్కడ పొరగా నిలిచియున్నది. ఆ బూడిదకు క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరకినవని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టార్ ప్రభృతులు 2007లో ప్రకటించినారు. కాంతి విధానమున బూడిద క్రింది మట్టి 77,000 (6,000 అటునిటుగా), పైమట్టి 74,000 (7,000 అటునిటుగా) సంవత్సరములని లెక్క వచ్చినది. ఈ రెండు లెక్కలును ఒకదానిలో నొకటి కలిసిపోవును. ఏది ముందు, ఏది వెనుక అను క్రమమును నిశ్చయించినది సంఖ్యలు కావు, నడుమనున్న బూడిద. స్థానజ్ఞానము లేని సంఖ్య మూగదని ఇది చక్కగా చూపుచున్నది.

జ్వాలాపుర వాదములో మెట్లు వేరువేరుగా చూడదగినవి. బూడిద తోబాదను మాట దాని రసాయన లక్షణములచే బలపడినది. పేలుడునకు ముందును, తరువాతను ఆ లోయలో పనిముట్లు చేయువారుండిరను మాటకు పొరల క్రమము ఆధారము. ఈ రెండు మెట్లును గట్టివి. వారు ఆధునిక మానవులే కావచ్చుననునది మూడవ మెట్టు. ఆ పొరలలో మానవాస్థి లభింపలేదు గనుక, పనిముట్ల రూపము ఆఫ్రికాలోని కొన్నింటిని పోలియుండుటయే హేతువు. ఇట్టి హేతువునకు పశ్చిమ ఆసియాలో వ్యభిచారము కనిపించుచున్నది. అక్కడ కఫ్జే, స్ఖూల్ గుహలలో ఆధునిక మానవులును, కెబారా గుహలో నియాండర్తాల్ మానవులును దాదాపు ఒకే విధమైన పనిముట్లు వాడినారు. పనిముట్టును చూచి కర్తను నిశ్చయించుట లేఖనశైలిని చూచి లేఖకుని నిశ్చయించుట వంటిది; ఊహకు తావిచ్చును గాని నిశ్చయమునకు చాలదు.

ప్రతిహేతువుగూడ ఉన్నది. పాల్ మెల్లర్స్ ప్రభృతులు 2013లో, జన్యుసాక్ష్యమును, సూక్ష్మశిలా పరికరములను ఆధారముగా గొని, ఆధునిక మానవుడు దక్షిణాసియాకు వచ్చినది తోబా పేలుడు తరువాతనే, సుమారు 60,000 – 50,000 సంవత్సరముల క్రిందటనే అని వాదించినారు. జ్వాలాపురమందలి తొమ్మిదవ స్థలమైన రాతిచరియలో సూక్ష్మశిలా పరికరములు సుమారు 35,000 సంవత్సరములనుండి ఉన్నట్లు 2009లో తేలియున్నది. మూడవ మెట్టు విషయములో ప్రస్తుతస్థితి సత్ప్రతిపక్షము. ఇట్టి స్థితిలో ఒక పక్షమును సిద్ధాంతమని వ్రాయుట పరిశోధకునికి తగదు.

ఐనను 74,000 సంవత్సరముల క్రిందటనే తెలుగువారు జ్వాలాపురమున నివసించిరని, అది ఈ జాతి ప్రాచీనతకు నిదర్శనమని ఉపన్యాసములలోను, వ్యాసములలోను వినిపించుచున్నది. బూడిదకు వయస్సు కలదు, భాష లేదు. రాతి పనిముట్టునకు రూపము కలదు, వంశనామము లేదు. ఆ చేతులు ఏ మానవజాతివో తేలని చోట, అవి ఏ భాష మాట్లాడువారివో చెప్పుట అసంభవము. పురాణములందలి యుగగణనమును ఈ సంఖ్యలతో ముడివెట్టుటయు ఇట్టిదే. పురాణమునకు గౌరవము దాని ధర్మోపదేశమువలన, కథాగాంభీర్యమువలన కలిగినది. అగ్నిపర్వతపు బూడిదను దానికి సాక్షిగా నిలిపినచో, రేపు ఆ లెక్క మారిననాడు పురాణముపైననే అపనమ్మకము కలుగును. అరువు సాక్ష్యము మేలుకంటె కీడే ఎక్కువ చేయును.

విదేశీయ విజ్ఞానమునకు న్యాయపరిభాషను తొడుగుట ఎందులకని ఆక్షేపింపవచ్చును. ప్రాచీన నైయాయికులకు యురేనియం తెలియునని ఎవ్వరును చెప్పనక్కరలేదు. అట్లు చెప్పుట అసత్యము. కొండపై పొగను చూచి నిప్పును ఊహించునపుడు ఏ జాగ్రత్తలు అవసరమో, పొరను చూచి పంటి కాలమును ఊహించునపుడును అవే అవసరము. హేతుదోషములకు దేశకాల నియమము లేదు. హేత్వాభాసములను ఘటపటములపైననే వల్లించి విడిచిపెట్టినచో శాస్త్రము కంఠస్థమగును గాని కార్యకారి కాదు.

విచారింపవలసిన మరియొక విషయము మిక్కిలి అత్యవసరమైనది. బేతంచెర్ల ప్రాంతమందలి బిల్లసర్గము గుహలను కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో లోకమునకు తెలిపినాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1884–85లలో అక్కడ తవ్వకములు జరిపి విస్తారముగా జంతువుల అస్థులను, ఎముక పనిముట్లని తాము భావించినవానిని వెలికితీసినారు. నాటికి పైన చెప్పిన కొలతలలో ఏదియు పుట్టలేదు. తరువాత 1970 దశాబ్దములో ఎం.ఎల్.కె. మూర్తిగారు పరిశోధించిన ముచ్చట్ల చింతమాను గవిలో, పొయ్యిలో కాలిన మట్టికి సుమారు 17,000 సంవత్సరముల వయస్సు తేలినది. బిల్లసర్గములో మిగిలియున్న పొరలను పునఃపరిశీలించినవారు, గడచిన 2,00,000 సంవత్సరములలో ఈ ప్రాంతపు జంతుజాతులలో అధికభాగము నశింపక కొనసాగినవని 2014లో ప్రకటించినారు. ఫుట్ గారు విడిచిన మట్టి మిగిలియుండుటచేతనే ఇది సాధ్యమైనది.

ఆ మిగిలిన మట్టి ఎంతకాలము నిలుచును? బేతంచెర్ల బండరాతి పరిశ్రమకు పేరుగన్న ప్రాంతము. జ్వాలాపురములోని బూడిదను పాత్రలు శుభ్రపరచు పొడుల తయారీకై తవ్వి తరలించినారు. జీవనోపాధికై రాయి కొట్టువారిని నిందించుట న్యాయము కాదు. ఏ రాయి కొట్టరాదో ముందుగా గుర్తించి చెప్పవలసిన బాధ్యత చదువుకొన్నవారిది, ప్రభుత్వముది. ఎముక పోయినచో ఒక ఎముకయే పోవును. పొర పోయినచో, దానినుండి వెలువడిన ప్రతి వస్తువుయొక్క సంబంధజ్ఞానమును పోవును. ‘పొరలు చెదరలేదు’ అను విశేషణము ఇక ఎన్నటికిని సిద్ధింపదు. తాళపత్రము శిథిలమైనను ప్రతిలిపి మిగులవచ్చును. గుహాస్తరమునకు ప్రతిలిపి లేదు.

కావున ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు, పరిశోధకులు మూడు పనులను ఆచరించుట యుక్తము. మొదటిది: సిద్ధాంతవ్యాసములో ప్రాచీన కాలసంఖ్య నొకదానిని వ్రాసినచో, కొలిచిన వస్తువేది, సాధించిన విషయమేది, ఆ రెండింటి సంబంధమునకు ఆధారమేది, దానిని ఎవరైన ఆక్షేపించినారా అను నాలుగింటిని వెంట వ్రాయుట. పర్యవేక్షకులు ఈ నాలుగును లేని సంఖ్యను తిరస్కరింపవలెను. రెండవది: న్యాయపాఠములో హేత్వాభాసములు చెప్పునపుడు ఫుయాన్, జ్వాలాపురము వంటి వర్తమాన వివాదములను ఉదాహరణములుగా చేర్చుట. విద్యార్థి తాను నేర్చినది నేటి వాదములకును అన్వయించునని అపుడు గ్రహించును. మూడవది: నంద్యాల, కర్నూలు జిల్లాలలోని గుహల రక్షణకై చరిత్ర, పురావస్తు, భూగర్భ శాస్త్రజ్ఞులతో కలిసి ప్రభుత్వమునకు విన్నవించుట, స్థానిక గ్రామనామములను, గవులను గూర్చిన జనశ్రుతిని సేకరించి వారికి అందించుట. భాషావిదులు చేయగల సహాయమిది.

ప్రాచీనతయందు గౌరవముండుట మంచిదే. ఆ గౌరవము సంఖ్య పెద్దదగుటవలన పెరుగరాదు, చిన్నదగుటవలన తరుగరాదు. ఫుయాన్ దంతములు లక్ష సంవత్సరములవో, పదివేల సంవత్సరములవో తేల్చునది అభిమానము కాదు, ప్రమాణము. జుర్రేరు లోయలో బూడిద కురిసిననాడు అక్కడ నున్నవారెవరో మునుముందు ఒక ఎముకవలననో, మట్టిలో మిగిలిన డి.ఎన్.ఏ. వలననో తెలియవచ్చును. అంతవరకు సంశయమును సంశయముగనే నిలుపుట శాస్త్రమర్యాద. ఆ ఎముక దొరకుటకు తగిన పొరలు నాటికి చెదరక మిగిలియుండవలెను గనుక, నేటి విద్వాంసులు ముందుగా వాటి రక్షణకు పూనుకొందురు గాక.